కుట్టు లేని బొడ్డుసంచి

ఊళ్లో బిడ్డ పుట్టిందంటే ఎవరైనా ముందు అడిగేది ఆడా మగా అని. ఆ తర్వాత తల్లి ఎట్లా ఉందని. ధర్మయ్య ఈ రెండూ అడిగేవాడు కాదు. ఆయన అడిగేది ఒక్కటే మాట, "బొడ్డు ఊడిందా?" అని. పుట్టినవాడు పటేలు మనవడైనా, పటేలు జీతగాని కొడుకైనా ఆయనకు ఒకటే. ఆయనకు కావలసింది బొడ్డు.

మోత్కూరు అంగడికి పొద్దున్నే బయల్దేరితే ఎండ ముదరకముందే చేరిపోయేంత దూరంలో ఉంది ఆ ఊరు. ఆ ఊళ్లో పద్మశాలీల వాడ, ఆ వాడలో మూడో ఇల్లు ధర్మయ్యది. ఇంట్లో ఆయనా, భార్య అండాలూ, గుంట మగ్గమూ. పిల్లలు లేరు. మగ్గం మీద కూర్చుంటే ధర్మయ్య పనిని వంక పెట్టేవాళ్లు లేరు. కాకపోతే కూర్చోవాలి. అండాలు రాట్నం ముందు కండెలు చుట్టుకుంటూ ఉండేది. టకటకమంటున్న మగ్గం ఉన్నట్టుండి ఆగిపోయిందంటే ఆమె తలెత్తకుండానే అనేది, "ఎవరో కన్నరు" అని.

ఆ మాట ఆమె నోట్లో ఉండగానే ధర్మయ్య తువ్వాలలో మూట కట్టుకుని వాకిలి దాటేవాడు. ఆ మూటలో అరచేయి వెడల్పు చెక్క పలక ఒకటి, దబ్బనం ఒకటి, నాలుగు రంగుల నూలు ఉండేవి. ఆ పలక చుట్టూ దారాన్ని పడుగులాగా చుట్టి, దబ్బనంతో చుట్టూరా పేక అల్లుకొచ్చేవాడు. చివరికి పలక లాగేస్తే చింతగింజలు పట్టేంత సంచి తయారయ్యేది. దానికి ఎక్కడా కుట్టు ఉండదు. ఊడిన బొడ్డును తల్లి చేత్తోనే అందులో వేయించేవాడు. ఆ తర్వాత అక్కడే కూర్చుని, అందరూ చూస్తుండగా, మూతిని కూడా అల్లేసేవాడు. అల్లడం అయ్యాక సంచిని తల్లికిచ్చి, ఏ ఇంట్లోనైనా అదే మాట చెప్పేవాడు.

"ఇగ దీన్ని తీయాల్నంటె కొయ్యాలె. కోస్తె తెలుస్తది."

ఎవరికి తెలుస్తుంది, తెలిస్తే ఏమవుతుంది అని ఎవరూ అడగలేదు. పిచ్చివాణ్ని పట్టుకుని అర్థాలు అడిగే తీరిక ఎవరికుంది?

బొడ్డు దాచుకోవడం ధర్మయ్య కనిపెట్టిన వింతేమీ కాదు. ఎండిన బొడ్డును పసుపుగుడ్డలో కట్టి దూలం సందులో దోపడం, తాయెత్తులో పెట్టి మొలతాడుకు కట్టడం, కడుపునొప్పి వస్తే రవ్వంత అరగదీసి తల్లిపాలలో పట్టడం తాతల నాటి నుంచీ ఉన్నదే. కాని ఎవరింటి బొడ్డు వాళ్లు దాచుకుంటారు. ఊరందరి బొడ్లకూ కావలి కాసినవాడు మాత్రం ధర్మయ్య ఒక్కడే.

పక్కింటి భిక్షానికి కొడుకు పుట్టిననాడు అతను బెల్లం పట్టుకుని ఉరికొచ్చాడు.

"ధర్మన్నా, మొగపిలగాడు."

"మంచిది. బొడ్డు ఊడిందా?"

"ఇయ్యాల పొద్దుగాల్నే పుట్టిండె. గప్పుడే ఎట్ల ఊడుతది?"

"అయితె బెల్లం ఆడ పెట్టిపో. ఊడినంక తింట."

భిక్షం ఆ బెల్లం తానే తినేసి వెళ్లాడు. ఆరో రోజున ధర్మయ్య మళ్లీ ఆ వాకిట్లో తేలాడు. అంతకు ముందు ఐదు రోజులూ తేలలేదని కాదు. పొద్దునొకసారి, మాపొకసారి వస్తూనే ఉన్నాడు. భిక్షం భార్య సోమమ్మ బాలింత మంచం మీద నుంచే, "ఓ బావా, నా కొడుకు బొడ్డు నీకు భయపడి ఊడుతలేదు, జర రెండొద్దులు రాకుంట ఉండు" అని మొరపెట్టుకుంది.

ఆ కోపం భిక్షానికి మిగిలిపోయింది. ఓ రోజు మగ్గం దగ్గరికి వచ్చి చాలా గంభీరంగా మొహం పెట్టాడు. "అన్నా, మా బర్రె ఈనింది. దూడ బొడ్డు గూడ దాస్తవా?" అన్నాడు. ధర్మయ్య పేక విసిరే నాడెను పక్కన పెట్టి కాసేపు ఆలోచించాడు. "దూడ బొడ్డు ఎన్నొద్దులకు ఊడుతది?" అని అడిగాడు. మర్నాడు పొద్దున భిక్షం కొట్టంలోకి పోయేసరికి, ధర్మయ్య పేడ మధ్యలో పీట వేసుకుని కూర్చుని, పెద్ద పలక మీద ముతక నూలు చుడుతూ కనిపించాడు. బర్రె ఆయన తువ్వాలను నమిలేసింది. ఆ తర్వాత భిక్షం మళ్లీ పరాచికాలాడలేదు.

రెండు రాష్ట్రాలు కలిసిన మరుసటేడు ఊరి బడికి గుంటూరు వైపు నుంచి ఒక పంతులుగారు వచ్చారు. వచ్చిన నాలుగో నెలలో ఆయన భార్య ప్రసవించింది. పంతులుగారు తలుపు తీసేసరికి అరుగు మీద మూటతో ఒక మనిషి.

"ఎవరండీ మీరు?"

"ధర్మయ్యంటరు సార్. బొడ్డు కోసం వచ్చిన."

"బొడ్డా? ఎవరి బొడ్డు?"

"మీదెందుకు సార్, అది ఎప్పుడో ఊడింది గద. పసిగుడ్డుది."

పంతులుగారు తలుపు వేసి గొళ్లెం పెట్టారు. ఈ ప్రాంతంలో క్షుద్రవిద్యలు ఎక్కువని ఆయనకెవరో చెప్పి పంపారట. ధర్మయ్య ఏమీ అనుకోలేదు. మూడు రోజులు అదే అరుగు మీద, అదే గోడకు ఆనుకుని కూర్చున్నాడు. బడికి పోయేటప్పుడు పంతులుగారు ఆయన కాళ్లు దాటి పోవలసి వచ్చేది. నాలుగో రోజున లోపలి నుంచి పంతులమ్మ గొంతు వినిపించింది. "ఏమండీ, రాలిపోయింది. ఆ అరుగు మీద పెద్దమనిషిని పిలవండి, పాపం ఎండలో కూర్చున్నాడు." తర్వాత మూడేళ్లకు పంతులుగారికి బదిలీ అయింది. సామానంతా బండికెక్కించారు గాని, బొడ్డుసంచిని మాత్రం ఆయన తన జందేనికి ముడివేసుకుని పోవడం ఊరంతా చూసింది.

దసరా వస్తే ధర్మయ్యకు ఇంకో పని. జమ్మి ఆకు పంచుతూ అందరూ ఇల్లిల్లూ తిరుగుతారు గదా. ధర్మయ్య కూడా ఆకు చేతిలో పెట్టి, అలయ్ బలయ్ ఇచ్చి, ఆ కౌగిలి వదలకుండానే, "సంచి చూపియ్యి" అనేవాడు. దూలం మీదిది, తొట్టెలకు కట్టింది, బియ్యపు గుమ్మిలో దాచింది, అన్నీ దింపించి, వెలుగులో తిప్పి తిప్పి చూసి, ఎక్కడా పోగు తెగలేదని తేల్చుకుని పోయేవాడు. లింగస్వామి అనే అతను ఒక ఏడు ఎదురు తిరిగాడు.

"నువ్వు ఎర్ర దారం పెట్టినవు ధర్మన్నా. గందుకే నా కొడుక్కు మూడేండ్లొచ్చినా మాటలు రాలె."

"దారానికీ మాటలకూ ఏం సంబంధం లేదు. మీ అవ్వనడిగిన. నువ్వు నాలుగేండ్లకు మాట్లాడినవంట."

"గప్పుడు నాకు ఏ దారం పెట్టిండ్రు?"

"నీకు దారమే పెట్టలె. గందుకే ఇంకా అడ్డదిడ్డం మాట్లాడుతున్నవు. సంచి దించు."

ఈ తిరుగుళ్లన్నిటికీ ఇంట్లో బదులు చెప్పుకోవలసింది అండాలు. చేనేత సంఘం మనిషి చీరల కోసం వచ్చి ఆగిపోయిన మగ్గాన్ని చూసి, "ఏడి మీ ఆయన?" అంటే, "బొడ్డు కాడికి పోయిండు" అనేది. ఆయన నోరు తెరిచి చూస్తే, "ఇంకా ఊడలేదంట, రెండొద్దులైతది" అని కలిపేది. మొదట్లో ఈ మాట చెప్పడానికి ఆమెకు సిగ్గయ్యేది. పదేళ్లు గడిచేసరికి, సంతకు పోయిండని చెప్పినంత సులువుగా చెప్పేసేది.

అసలు ఈ పిచ్చి ఎప్పుడు మొదలైందో కూడా అండాలుకు బాగా గుర్తు. పోలీసు చర్య అయిన మూడో ఏడు, ఒక ఉదయం ధర్మయ్య గడ్డపార పట్టుకుని రెండిళ్లవతలి నర్సింగమ్మ ఇంటికి పోయి, వాళ్ల లోపలి గోడ మొదట్లో ఎలుక బొక్కను మోకాలి లోతు తవ్వాడు. ధర్మయ్యకు లంకెబిందెల జాడ దొరికిందని వాడంతా మూగింది, బిందెలు లేవని తేలగానే చెదిరిపోయింది. ఏమైందని అండాలు అడిగితే, "మన పడుగు కొరికిన ఎలుక గాడ ఉరికింది" అన్నాడు. ఎలుకను వెతుక్కుంటూ రెండిళ్లు దాటి పోయిన మనిషిని చూడడం ఆమెకు అదే మొదటిసారి. ఆ మరుసటి నెలలోనే పలకా దబ్బనమూ బయటికొచ్చాయి. గడ్డపార నాడే తలకు ఎండ కొట్టి ఉంటుందని అండాలు తేల్చుకుంది.

అండాలు గురించి కూడా ఒక సంగతి చెప్పాలి. పిల్లలు లేరన్న మాటే గాని, ఒకప్పుడు ఆ వాడలో పసిపిల్లలకు నీళ్లు పోయాలంటే అండాలే పోయాలి. పీట మీద కూర్చుని, కాళ్లు చాపుకుని, వాటి మీద బిడ్డను బోర్లా పడుకోబెట్టి ఆమె నూనె రాస్తుంటే, ఊరు లేచిపోయేట్టు ఏడ్చే పిల్ల కూడా గురకపెట్టేది. మంత్రసాని పుల్లమ్మే, "పురుడు నేను పోస్త, నీళ్లు మాత్రం అండాలే పొయ్యాలె" అనేది. అటువంటి అండాలు ఉన్నట్టుండి ఒకనాడు మానుకుంది. అడిగిన వాళ్లందరికీ, "నడుము నొస్తాంది" అని చెప్పింది. మొగునికీ అదే చెప్పింది.

నడుముకు ఏమీ కాలేదు. నర్సింగమ్మ బిడ్డకు నీళ్లు పోసి, పెరట్లో చేతులు కడుక్కుంటుంటే లోపలి నుంచి నర్సింగమ్మ అత్త మాట వినిపించింది. "బొడ్డు కనవడ్తలేదు. పిల్లలు లేనిదాని చేతికి ఇయ్యొద్దని చెప్పిన, ఇన్నరా? మింగే ఉంటది." పిల్లలు లేని ఆడది పసిగుడ్డు బొడ్డును ఎవరూ చూడకుండా మింగితే కడుపు పండుతుందనీ, బొడ్డు పోయిన పిల్ల వాడిపోతుందనీ ఆ రోజుల్లో గట్టి నమ్మకం. ఏ ఇంట్లో బొడ్డు కనిపించకపోయినా, ముందు చూపులు పోయేది గొడ్రాలి వైపే. అండాలు చేతులు తుడుచుకోకుండానే ఇంటికొచ్చేసింది. ఆ మాట మొగునికి చెబితే ఆయన మనసెంత నొచ్చుకుంటుందోనని కడుపులోనే దాచుకుంది. తెల్లారి నుంచి నడుము నొప్పి మొదలైంది. ఆ నొప్పి పదకొండేళ్లు ఉంది.

ఆ పదకొండేళ్లలో అండాలు ఒక్క పురుటింట్లోకి కూడా పోలేదు. బారసాల పేరంటానికి పిలిస్తే వాకిట్లోనే పసుపు పెట్టించుకుని తిరిగొచ్చేది. వాడలో ఎక్కడైనా పసిబిడ్డ ఏడిస్తే మాత్రం ఆమె చేతిలో రాట్నం ఆగేది.

ఇదంతా ఇట్లా ఉండగా భిక్షం పెద్దకూతురు రాజమణి తొలికాన్పుకు పుట్టింటికొచ్చింది. ఆమె అండాలు రాట్నం పక్కన పాకి, అండాలు ఒళ్లో పెరిగిన పిల్ల. ఏడో నెలలో వచ్చీ రాగానే చెప్పేసింది.

"పెద్దమ్మా, నా బిడ్డకు నువ్వే నీళ్లు పొయ్యాలె."

"నాకు నడుము నొస్తది బిడ్డా."

"అయితె నా బిడ్డకు తానమే వొద్దు. గట్లనే మురికిగ పెంచుత."

ఆడపిల్ల పుట్టింది. నాలుగు రోజులు మంత్రసాని పుల్లమ్మ నీళ్లు పోసింది. ఐదో రోజున ఆమెకు పక్క ఊరి నుంచి పిలుపొచ్చి పోయింది. రాజమణి అన్నమాట నిలబెట్టుకుంది, ఇంకెవర్నీ బిడ్డకు నీళ్లు పోయనివ్వలేదు. బిడ్డ ఏడుస్తూ ఉంది. ఆ ఏడుపు రెండు గోడలు దాటి అండాలు చెవిలో పడింది. ఆమె ఎంతసేపో రాట్నం వైపు చూస్తూ కూర్చుంది. ఆ తర్వాత లేచి కొంగు దోపుకుంది.

ధర్మయ్య ఊళ్లో లేడు. అంతకుముందు రోజు నూలు కోసం రామన్నపేట పోతూ, భిక్షం ఇంట్లో తొట్టెల మీదికి వంగి, "నేను రేపు పొద్దెక్కే యాళ్లకొస్త. అప్పటిదాక ఊడనియ్యకు" అని ఆ పసిదానికే తాకీదు ఇచ్చి పోయాడు.

అండాలు పోయేసరికి భిక్షం ఇంట్లో ఒక కొత్త మనిషి ఉంది. రాజమణి అత్త హనుమమ్మ, మనవరాలిని చూడడానికి ముందురోజు సాయంత్రం వచ్చింది. మాట కటువు, చెయ్యి చురుకు. ఆమే బిడ్డను ఒళ్లో పెట్టుకుని, పొట్టకు చుట్టిన గుడ్డ విప్పి నడుముకు దోపుకుని, నూనె చేతులు దానికే తుడుచుకుని బిడ్డను అండాలుకు అందించింది.

చాపిన కాళ్ల మీద ఆ బరువు పడగానే అండాలుకు కళ్లు చెమర్చాయి. పదకొండేళ్లకు మళ్లీ ఇన్ని నీళ్లు, ఇంత ఆవిరి, ఇంత చిన్న వీపు. చేతులు ఏమీ మరిచిపోలేదు. బిడ్డ రెండు చెంబులకే ఏడుపు మానింది, మూడో చెంబుకు మూతి చప్పరించింది. లోపల మంచం మీద రాజమణి నవ్వుతూ ఉంది. అండాలు బిడ్డను తుడిచి, సాంబ్రాణి పొగ పట్టి, హనుమమ్మ చేతుల్లో పెట్టింది.

హనుమమ్మ బిడ్డను ఇటూ అటూ తిప్పి చూసింది.

"బొడ్డేది?"

సోమమ్మ వచ్చి బిడ్డ మీదికి వంగి చూసింది.

"రాత్రి నేను చూసినప్పుడు ఉన్నది. ఇప్పుడు లేదు. నీళ్లల్ల పడ్డదా?" హనుమమ్మ నీళ్లు పోసిన జాలాడి బండ వైపు చూసింది, అక్కడేమీ లేదు. ఆ తర్వాత అండాలు వైపు చూసింది. "వదినె, నీకు పిల్లలెంతమంది?"

సోమమ్మ, "అట్లనకు వదినె, ఆమె మా ఇంటి మనిషి" అంది గాని ఆ గొంతులో బలం లేదు. అమ్మమ్మ గదా, ఆమె చూపు కూడా ఒక్క క్షణం అండాలు మూతి మీదికి పోయి వచ్చింది. అండాలు ఆ చూపును చూసింది. తడి చేతులు కొంగుకు తుడుచుకుంది, ఎంత తుడిచినా తడి పోవడం లేదు. ఈసారి నడుము నొప్పి అంటే ఎవరూ నమ్మరు. ఇప్పుడు ఈ గడప దాటితే తప్పు ఒప్పుకున్నట్టు. దాటకపోతే ఆ చూపుల ముందే నిలబడాలి.

అప్పుడే వాకిట్లో నూలు మూట దబ్బుమని పడింది.

"బొడ్డు ఊడిందా?"

ధర్మయ్య గడపలో నిలబడి ఉన్నాడు. చెమటలు కారుతున్నాయి. మూట విప్పకముందే ఒక చేతిలో పలక ఉంది. పదకొండేళ్లలో ఆ మాట విని నవ్వని ఇల్లు లేదు, ఆ రోజు మాత్రం ఎవరూ నవ్వలేదు. హనుమమ్మే చెప్పింది.

"ఊడింది తమ్మీ. ఊడి యాడికి పోయిందో నీ ఇంటామెనడుగు."

ధర్మయ్య భార్య మొహం చూశాడు. ఆ తర్వాత హనుమమ్మను కింది నుంచి పై దాకా ఒకసారి చూశాడు. కోపం లేదు. మగ్గం మీద తెగిన పోగును వెతుకుతున్నప్పుడు ఉండే మొహమే అది.

"అక్కా, ఇప్పటిదాక నలభై మూడు బొడ్లు సంచులల్ల పెట్టిన. అండ్ల తొమ్మిది యాళ్లకు కనవడలె. తొమ్మిదీ దొరికినయి. రెండు ఎలుక బొక్కలల్ల దొరికినయి. ఒకటి పుల్లమ్మ కొంగు ముడిల, వక్కలల్ల కలిసింది. ఆమె దవడకు పెట్టుకునే యాళ్లకు పట్టుకున్న. తక్కిన ఆరూ ఒక్క తానే దొరికినయి."

"యాడ?"

"పొట్టకు కట్టిన గుడ్డ మడతల. ఈ బిడ్డ గుడ్డ యాడున్నది?"

"ఏ గుడ్డ?"

"నీ నడుముకున్న గుడ్డ."

హనుమమ్మ నడుముకేసి చూసుకుంది. నూనె మరకల గుడ్డ అక్కడే వేలాడుతూ ఉంది. బయటికి లాగి దులిపింది. మొదటి దులుపుకు ఏమీ రాలేదు. రెండో దులుపుకు ఎండిన మిరపతొడిమంత ముక్కొకటి రాలి ఆమె కాలి బొటనవేలు మీదనే పడింది. అంత నోరున్న మనిషీ కొంగు తెచ్చి మూతికి అడ్డం పెట్టుకుంది.

"అయ్యో నా నోట్ల మన్నువడ. ఇంతసేపు నేనే మోస్తున్న గదనె."

మంచం మీద నుంచి రాజమణి కిసుక్కున నవ్వింది. తర్వాత సోమమ్మ నవ్వింది. అండాలుకు మాత్రం నవ్వు రాలేదు, ఏడుపూ రాలేదు. ధర్మయ్య పీట లాక్కుని కూర్చుని, పలక మీద దారం చుట్టడం మొదలుపెట్టాడు. చుడుతూ చుడుతూ, తలెత్తకుండా, హనుమమ్మతో మాట్లాడుతున్నట్టే అన్నాడు.

"నీ తప్పేం లేదక్కా. ఎవరికైనా గదే మాట ముందు నోటికొస్తది. పదకొండేండ్ల కింద నర్సింగమ్మ ఇంట్ల గూడ గిట్లనే పోయింది. తెల్లారి పోయి ఎలుక బొక్క తవ్విన, దొరికింది. పట్టుకపోయి ఆ ముసలమ్మ చేతుల పెడితె, సరేలే అన్నది. కాని అప్పటికే మాట నోరు దాటి వాడంత తిరిగింది. మాటను పట్టి సంచిల పెట్టలేం గద. గందుకే బొడ్డునే పెడుతున్న."

అండాలు గోడకు ఆనుకుంది. గడ్డపార, ఎలుక బొక్క, పలక, అరుగుల మీద కూర్చున్న కూర్చోవడాలు, దసరా నాటి తనిఖీలు, బర్రె నమిలిన తువ్వాల, అన్నీ ఒక్కసారి వచ్చి ఆమె ముందు నిలబడ్డాయి. ఊరంతా నవ్వుతుంటే తానూ నవ్వింది. తలకు ఎండ కొట్టిందనుకుంది.

"అండాలూ, ఏ రంగు పెడుదాం?" అన్నాడు ధర్మయ్య. నలభై మూడు సంచుల్లో ఒక్కదానికీ ఆయన ఎవరినీ రంగు అడిగి ఎరగడు.

"ఎర్రది" అంది అండాలు. "లింగస్వామి కొడుక్కు బాగనే మాటలొచ్చినయి."

సంచి తయారైంది. రాజమణి తన చేత్తో బొడ్డును అందులో వేసింది. ధర్మయ్య మూతి అల్లి, ఎప్పటి మాటే చెప్పాడు. "ఇగ దీన్ని తీయాల్నంటె కొయ్యాలె. కోస్తె తెలుస్తది." ఆ మాట ఎవరి కోసం అల్లిందో అండాలుకు ఆ పూట తెలిసింది. పోయేటప్పుడు హనుమమ్మ గడప దాకా వచ్చింది. "రేపు గూడ నువ్వే రావాలె వదినె. నా చేతులల్ల ఈ పిల్ల ఏడుస్తది" అంది. క్షమాపణ అడగడం ఆమెకు అలవాటు లేదు గాని, అండాలు దాన్నే క్షమాపణగా తీసుకుంది.

ఇంటికొచ్చాక ధర్మయ్య మగ్గం గుంటలో కాళ్లు దింపాడు. అండాలు రాట్నం దగ్గర కూర్చుంది గాని తిప్పలేదు.

"నడుము నొప్పి సంగతి నీకు ఎరుకేనా?"

"నడుము నొచ్చెటామె రెండు బిందెలు ఒక్కసారి మోసుకొస్తదా?"

"మరి బొడ్డు దొరికిందని నాకెందుకు చెప్పలె?"

"చెప్తె, ఆ మాట నా చెవిల పడ్డదని నీకు తెలుస్తది. నేను నొచ్చుకుంటనని నువ్వు దాసుకుంటివి. నువ్వు దాసుకున్నదాన్ని నేనెట్ల తీస్త?"

అండాలు కొంగుతో ముక్కు తుడుచుకుంది. ఆమెకు ఆయన మీద కొండంత ప్రేమ పొంగుకొచ్చింది, దాని వెనకే కోపం కూడా వచ్చింది.

"గందుకని పదకొండేండ్లు ఊళ్లె పిచ్చోడనిపించుకుంటవా?"

"పిచ్చోని పెండ్లాన్ని ఎవరూ ఏమనరు. మొగడు పిచ్చోడు పాపం అంటరు. పిల్లలు లేరు పాపం అనుడు మరిచిపోయిండ్రు."

లెక్క ప్రకారం ఆనాటితో ఆ పిచ్చి కుదరాలి. అండాలే చెప్పింది కూడా. ఇక ఎవరూ ఏమీ అనరు, నువ్వు మగ్గం మీద కూర్చో, సంఘం మనిషికి ఇక నేను బదులు చెప్పలేనని. ధర్మయ్య సరేనన్నాడు. నెల రోజులు బుద్ధిగా నేశాడు. రెండు చీరలు దిగాయి. ఆ తర్వాత వాడ చివరన ఎవరో కన్నారు. మగ్గం ఆగలేదు. ఒకటో రోజు ఆగలేదు, రెండో రోజూ ఆగలేదు. కాకపోతే ఎన్నడూ తెగని పోగులు తెగడం మొదలుపెట్టాయి, అంచు వంకరపోయింది. నాలుగో రోజు పొద్దున నాడె ఒకవైపు విసిరి రెండోవైపు పట్టుకోవడం మరిచిపోయాడు. అది పోయి గుమ్మానికి తగిలింది.

అండాలు వంటింట్లో నుంచి బయటికొచ్చింది. ఒక చేతిలో నువ్వుల నూనె గిన్నె ఉంది. రెండో చేతిలో తువ్వాల మూట ఉంది, ముడి వేసే ఉంది.

ధర్మయ్య మూట వైపు చూశాడు, భార్య వైపు చూశాడు. అడగాలా వద్దా అని ఒక్క క్షణం తటపటాయించాడు గాని ఆయన వల్ల కాలేదు.

"బొడ్డు ఊడిందా?"

"ఇంకా ఊడలె" అంది అండాలు, మూట ఆయన చేతికిచ్చి చెప్పులు తొడుక్కుంటూ. "తానం పోసినంక ఊడుతది. నడువు, నీళ్లు కాగినయంట."